పొయ్యింటి తెల్ల పొగ

నా రాతలో తప్పులుంటాయి, ముందే చెప్పుకోవడం మంచిది. అక్షరాలు నేర్చుకునేసరికి నాకు అరవై దాటిపోయాయి. మా ఆయన అబీలియో పోయిన మరుసటి చలికాలం అది. ఒక మాట రాస్తాను, దాన్ని పైకి చదువుకుంటాను, చెవికి సరిగా వినబడితే ఇంకో మాటకి వెళతాను. అందుకని ద్రాక్ష కోతలప్పుడు మొదలుపెట్టిన ఈ కథ ఆలివ్ కాయలు ఏరే రోజుల దాకా సాగింది. కాస్త ఓపిక పట్టండి. ఇది మా అక్క జుల్మీర కథ. ఆమెకి చదువు రాదు కనక నేను రాస్తున్నాను.

మా ఊరు ఎగువ సోబ్రాల్. కొండ మీద పట్టుమని ఇరవై గడపలు లేని ఊరు. చుట్టూ పైన్ చెట్లు, వాటి వెనక కాగితం మిల్లుల కోసం వేసిన జామాయిల్ తోటలు. ఊరందరికీ కలిపి రొట్టెల పొయ్యి ఒకటే. దానికో రాతి గది ఉండేది, పొయ్యిల్లు అనేవాళ్ళం. పలకరాళ్ళ కప్పు, ఒక తలుపు, కిటికీ లేదు, పొగగొట్టం లేదు. పొగ తలుపులోంచి, కప్పు సందుల్లోంచి తన దారి తను చూసుకోవాలి. శనివారం వస్తే ఎవరి వంతు ప్రకారం వాళ్ళు మొక్కజొన్న రొట్టెలు కాల్చుకునేవారు. ఆ వంతులు చూసేది, కట్టెలు పేర్చేది, పొయ్యి వేడెక్కిందో లేదో చెయ్యి లోపలికి చాపి చెప్పేది మా అక్క. పిండి పులిసి సిద్ధంగా ఉంటే తప్ప నిప్పు పెట్టనిచ్చేది కాదు. రొట్టె లేకుండా పొయ్యి వెలిగించడం, శవం లేకుండా చావు గంట కొట్టడం లాంటిదని మా అమ్మ అనేది. అక్క ఆ మాటని అమ్మ దగ్గర్నుంచి పొయ్యితో పాటే పుచ్చుకుంది.

ఆ ఏడు బెనెదీత అనే అమ్మాయి లిస్బన్ నుంచి వచ్చింది. పిల్లలు లేక మూసేసిన బడి కప్పు మీద ఒక పరికరం బిగించింది. సన్నని మెడ, ఒంటి కన్ను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సూర్యుడు ఎటు తిరిగితే అటు మెడ తిప్పేది. మేమంతా దాన్ని పొద్దుతిరుగుడు అన్నాం. నేను అక్షరాలు నేర్చుకునేది ఆ బడిలోనే, పెద్దవాళ్ళ కోసం పెట్టిన తరగతిలో. నేను కింద పలకతో కుస్తీ పడుతుంటే అది పైన కిర్రుమంటూ తల తిప్పేది.

"ఇదేం చేస్తుంది అమ్మాయ్?" అని అడిగింది అక్క, నడుం మీద చేతులు పెట్టుకుని.

"సూర్యుణ్ణి చూస్తుంది పెద్దమ్మా. మధ్యలో ఎంత పొగ ఉందో చెబుతుంది. ఉపగ్రహం పై నుంచి చూస్తుంది, ఇది కింద నుంచి చూస్తుంది. రెండూ కలిపితే అడవులు తగలబడ్డప్పుడు పొగ ఎంత ఎండని అడ్డుకుంటోందో తెలుస్తుంది."

"అడ్డుకుంటే ఏమైందట?"

"కింద నేల చల్లబడుతుంది. నల్ల పొగైతే ఎండని తాగేసి పైన గాలిని వేడెక్కిస్తుంది, మబ్బుల్ని చెదరగొడుతుంది. తెల్ల పొగైతే ఎండని వెనక్కి కొడుతుంది. ఇవన్నీ కలిసి ముందుముందు ఎండల్ని, వానల్ని ఎంత మారుస్తాయో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు."

"సూర్యుణ్ణి చూస్తూ కూచోడానికి మీకు జీతాలిస్తారా! మా మరిది బతికినన్నాళ్ళూ గోడకి ఆనుకుని ఊరికే చూశాడు పాపం."

మరిది అంటే మా ఆయనే. పైన్ చెట్ల బంక తీసే కాలం అయిపోయాక నిజంగానే గోడకి ఆనుకుని కూర్చునేవాడు. బెనెదీత పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి మా అక్క ఆ పిల్లకి పెద్దమ్మ, నేను పిన్ని.

వెళ్ళేముందు బెనెదీత ఒక మాట చెప్పింది. ఉపగ్రహం మా ఊరి మీదుగా రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక వెళుతుందని. ఆ మాట మా వాళ్ళు పట్టుకున్నారు. శనివారం అక్క పొయ్యింటి దగ్గర నిలబడి అందరికీ చాటింది: "మధ్యాహ్నానికల్లా నిప్పు ఆరిపోవాలి. ఎవరింట్లోనూ పొయ్యి వెలగకూడదు. ఆకులు కాల్చడాలు అవీ పెట్టుకోకండి."

"ఎందుకే?" అన్నాను.

"చుట్టం వచ్చే వేళకి గుమ్మంలో పొగ పెడతామా? అంత పై నుంచి చూస్తూ పోతుంటే, సోబ్రాల్ వాళ్ళు మురికి మనుషులనుకోడూ?"

పంచాయతీ పెద్ద కుస్తోదియోకి కూడా అది న్యాయంగానే తోచింది. అతను తన సిగరెట్టు సైతం ఆ వేళకి ఆర్పేసేవాడు. ఊరంతా వాకిళ్ళు ఊడ్చి, దుప్పట్లు లోపలికి తీసి, మర్యాదగా ఆకాశం కింద కూర్చునేది. ఉపగ్రహం కంటికి కనబడదని తెలిసినా ఒకళ్ళిద్దరు పైకి చూసి టోపీ తీసేవారు.

నెల తిరిగేసరికి బెనెదీత కంగారుగా కొండెక్కి వచ్చింది. "పొద్దుతిరుగుడు పాడైందేమో అనుకున్నాను. శనివారాలు ముందు చిన్న పొగ కనిపించేది. ఇప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి ఊరు కడిగినట్టుంటోంది."

"కడిగాం మరి!" అంది అక్క గర్వంగా.

సంగతి తెలిశాక ఆ పిల్ల బడి మెట్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "అయ్యో పెద్దమ్మా, ఆ చుట్టానికి కావలసింది మీ పొగే! అడవి పొగ ఏదో పొయ్యి పొగ ఏదో తేడా తెలియాలంటే మీరు రోజూ ఎలా బతుకుతారో అలాగే బతకాలి."

"ముందే చెప్పొద్దూ? నెల్రోజులు మాడిన సూప్ తాగాం, నీ చుట్టం కోసం హడావిడిగా వండి." అక్క మూతి ముడిచింది కానీ లోపల మురిసిపోతోంది. "అయితే మా పొయ్యి పొగ నీకు అక్కడికి కనిపిస్తుందా?"

"పొద్దుతిరుగుడుకి కనిపిస్తుంది. గాలి లేని రోజు, పచ్చి కొమ్మలు వేసి చిక్కటి తెల్ల పొగ పెడితే పై నుంచి కూడా కనిపిస్తుందేమో," అంది బెనెదీత, సరదాగా.

"ఇంకేం! మా చెల్లెలు పెన్సిల్‌తో రాస్తుంది, నేను పొగతో రాస్తాను. శనివారం నా పొగ కనబడితే జుల్మీర బతికుందని చదువుకో. కనబడకపోతే వచ్చి పూలు పెట్టు."

అది వాళ్ళిద్దరి మధ్యా ఆటైపోయింది. శనివారం సాయంత్రాలు నా ఫోన్ మోగేది. అక్కకి ఫోన్ లేదు, వద్దంది. "పెద్దమ్మ ఉత్తరం అందింది, రొట్టె బాగా కాలిందా?" అని అడిగేది బెనెదీత. "మాడింది, నీ కళ్ళు పడి" అనేది అక్క వెనక నుంచి.

మూడో ఏడు వేసవి పోయినా వాన పడలేదు. సెప్టెంబరులో తూర్పు గాలి మొదలైంది. ఆ గాలి వస్తే మా దగ్గర ఎవరూ బట్టలు ఆరెయ్యరు, పీలికలైపోతాయని. ఒక పొద్దున కొండ అవతల పొగ లేచింది. పొద్దెక్కేసరికి ఆకాశం ఇత్తడి రంగుకి తిరిగింది. పైన్ కాయలు నిప్పంటుకుని గాల్లో ఎగిరి ముందు పడుతున్నాయని కింది ఊరి వాళ్ళు చెప్పారు. మమ్మల్ని దింపడానికి పట్నం నుంచి బస్సు వచ్చింది, ఇద్దరు పోలీసులతో.

అందరం ఎక్కాం. అక్క ఎక్కలేదు.

"జుల్మీరత్తా, రా, టైం లేదు," అన్నాడు కుస్తోదియో.

"పోయినేడూ ఇలాగే ఎక్కించావు. తిరిగొస్తే నిప్పూ లేదు గిప్పూ లేదు, మేకలు మాత్రం పాలు పితికేవాళ్ళు లేక పొదుగులు వాచి ఏడుస్తున్నాయి. నే రాను."

"ఈసారి నిజం అత్తా."

"పోయినసారి అబద్ధం చెప్పావన్నమాట! ఒరే, నీ ముక్కు తుడిచినదాన్ని నేను. ఈ కొండ మా తాత నాడు కాలింది, మా అమ్మ నాడు కాలింది. పొయ్యింటికి లోపలి మసి తప్ప బయటి మసి అంటలేదు. రాయి కాలదు. వెళ్ళండి."

నేను సీటు లోంచి లేచి మెట్ల దాకా వచ్చాను. పోలీసు కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "దిగకండమ్మా, దయచేసి. ఒకరు దిగితే అందరూ దిగుతారు." గట్టి చెయ్యి. నాది పుల్లలాంటి చెయ్యి. "అక్కా, నా మాట విను," అని అరిచాను. ఏడ్చాను కూడా. ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నా చేతిలో రొట్టె మూట పెట్టింది.

"ఏడవకే, నలుగురూ చూస్తున్నారు. ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్పు, నేనిక్కడే ఉన్నానని. పై నుంచి ఓ కన్నేసి ఉంచమను."

బస్సు కదిలింది. వెనక అద్దంలోంచి చూశాను. మేకలకి కట్లు విప్పి అదిలిస్తోంది.

పట్నంలో మమ్మల్ని ఆటల హాలులో పెట్టారు. మడత మంచాలు, గ్లాసుల్లో వేడి సూప్. మేం వచ్చిన దారి మా వెనకే మూసుకుపోయిందని, కొండ మీద ఫోన్ల స్తంభం కాలిపోయిందని తెలిసింది. బెనెదీతకి ఫోన్ చేశాను. నా పేరు చూసి ఆమే ముందు మాట్లాడింది.

"పిన్నీ, దిగొచ్చేశారా? అమ్మయ్య! పెద్దమ్మకి ఇవ్వండి ఒకసారి."

"అది ఊళ్ళోనే ఉండిపోయిందమ్మా. నిన్ను పై నుంచి ఓ కన్నేసి ఉంచమంది."

అవతల గబగబా మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడింది.

"ఉపగ్రహం ఇప్పుడే దాటింది," అంది చివరికి. "బొమ్మ రావడానికి కొంచెం సేపు పడుతుంది. వస్తూనే చేస్తాను."

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఊరివాళ్ళంతా చుట్టూ చేరారు. అంతా చూసే కన్ను మాకు తెలిసినవాళ్ళ చేతిలో ఉందని ధైర్యం. "మా పశువుల కొట్టం ఉందేమో అడుగు" అని ఒకరు, "నా గింజల గాదె" అని ఒకరు. కుస్తోదియో అందర్నీ కసిరాడు: "ముందు మనిషి సంగతి తెలుసుకోనివ్వండిరా." ఫోన్ మోగింది.

"పిన్నీ, బొమ్మ వచ్చింది. మీ కొండ మొత్తం పొగ. అక్కణ్ణించి సముద్రం దాకా పొగ."

"పొగ నాకూ తెలుసమ్మా. పొగ కింద ఏముంది?"

"పొగ కింద కనిపించదు పిన్నీ."

"కనిపించకపోవడమేమిటి? మా శనివారం పొగ కనిపించేది కదా!"

"అది చిన్న పొగ. దాని చుట్టూ ఆకాశం ఖాళీగా ఉండేది. వేడి ఉన్న చోట్లు చుక్కలుగా కనిపిస్తాయి. చుక్కలు మీ ఊరి చుట్టూ ఉన్నాయి. కానీ ఒక్కో చుక్క మీ ఇంటి నుంచి ఏటి దాకా ఉంటుంది. ఊళ్ళో ఉందో ఊరి బయట ఉందో చెప్పలేను."

"పొద్దుతిరుగుడుని అడుగు. అది ఊళ్ళోనే ఉందిగా."

"చూశాను. ఫోన్ల స్తంభం లేకపోయినా అది ఉపగ్రహం మీదుగా పంపుతూనే ఉంది. కానీ పొగ మరీ చిక్కగా ఉండి దానికి సూర్యుడు కనిపించలేదు. సూర్యుడు కనిపించకపోతే అది మబ్బు అనుకుంటుంది. మబ్బు పట్టిందని ఈ రోజు లెక్క మొత్తం తీసి పారేసింది."

ఎన్నడూ లేనంత పొగ మా మీద పడిన రోజున, పొగ చూడటానికే పుట్టిన ఆ పరికరం మబ్బని రాసుకుంది.

"ఎవరికైనా చెప్పమ్మా, వెళ్ళి తీసుకురమ్మని," అన్నాను.

"ఎవరికి చెప్పాలో వాళ్ళందరికీ చెప్పాను. రోడ్డు లేదంటున్నారు. పొగలో హెలికాప్టర్ ఎగరదంటున్నారు." ఏదో ఒకటి ఇవ్వాలన్నట్టు, "అంత పొగ కింద ఎండ దిగదు పిన్నీ. నేల మామూలు కంటే చల్లగా ఉంటుంది" అంది.

"చల్లగా ఉందా? దాని శాలువా నా సంచీలోనే ఉండిపోయిందే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

మర్నాడు మళ్ళీ ఆ వేళకి ఉపగ్రహం దాటింది. మళ్ళీ పొగే. బెనెదీత గంట గంటకీ ఫోన్ చేసి అదే మాట చెప్పేది, నేను అదే మాట అడిగేదాన్ని. ఆమె దగ్గర గది నిండా తెరలు, నా దగ్గర ఒక రొట్టె మూట. ఇద్దరం మా అక్కకి సమానమైన దూరంలోనే ఉన్నాం.

గాలి పడిపోయాక అగ్నిమాపక దళం వాళ్ళ వెనక కుస్తోదియో, నేను పైకి వెళ్ళాం. చెట్లు అగ్గిపుల్లల్లా నిలబడి ఉన్నాయి. మా ఇంటికి గోడలున్నాయి, లోపల ఆకాశం ఉంది. అక్క మాట అబద్ధం కాలేదు. పొయ్యిల్లు ఉన్నది ఉన్నట్టుంది. కప్పు మీద ఒక్క పలక కూడా జారలేదు.

అక్క లోపల తలుపుకి ఆనుకుని కూర్చుని ఉంది, నడుముకి కట్టుకునే పని గుడ్డ ముఖం మీద కప్పుకుని. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటి లేదు.

పిండి తొట్టె కడిగి గోడ పక్కన బోర్లించి ఉంది. ఆ రోజు శనివారం కాదు. పిండి తడపలేదు. కానీ పొయ్యి వెలిగించి ఉంది. లోపల సగం కాలిన పచ్చి చెస్ట్‌నట్ కొమ్మలు, ఆకులతో సహా, గొంతు దాకా కుక్కి ఉన్నాయి. జీవితమంతా ఎండు కట్టె తప్ప ముట్టనివ్వని మనిషి.

"మతి పోయినట్టుంది పాపం," అన్నాడు కుస్తోదియో, టోపీ తీసి. "చుట్టూ నిప్పుంటే లోపల ఇంకో నిప్పు పెట్టుకుంటారా ఎవరైనా?"

నేను ఆమె ముఖం మీది గుడ్డ సరిచేశాను. డాక్టరు వచ్చి, పొగ వల్లే ప్రాణం పోయిందన్నాడు. కొండ పొగా, పొయ్యి పొగా అని అడిగాను. "అమ్మా, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాక పొగంతా ఒకటే," అన్నాడు.

బెనెదీత మట్టి చెయ్యడానికి వచ్చింది. చేతిలో పూలున్నాయి. బడి మీద పొద్దుతిరుగుడు మెడ కరిగి కిందకి వాలిపోయింది. దాన్ని చూసీ చూడనట్టు చూసి, నేరుగా పొయ్యింటికి వెళ్ళింది. పచ్చి కొమ్మలు చూసింది. బోర్లించిన తొట్టె చూసింది. మా ఊరి కట్టుబాటు ఆమెకి తెలుసు. ఎన్ని శనివారాలు విందో!

"పిన్నీ, ఇది నాకేనా?"

కాదని చెప్పాలని నోరు తెరిచాను. పొయ్యి చల్లారకూడదని వెలిగించి ఉంటుందిలే, అని చెప్పాలనుకున్నాను. కానీ తొట్టె అక్కడే ఉంది, బోర్లా. ఆమె పూలు పొయ్యి నోటి దగ్గర పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరి బట్టలకీ మసి అంటింది.

చలికాలంలో ఆమె నన్ను చూడటానికి పట్నం వచ్చింది, మడత కంప్యూటర్ పట్టుకుని. నెలల తరబడి ఆ రోజు బొమ్మలే చూస్తోందట. ఒకటి తెరిచి చూపించింది. నేల గోధుమ రంగు, సముద్రం నీలం, వాటి మీదుగా బూడిద రంగు గుడ్డ ఒకటి ఉతికి పిండి ఆరేసినట్టు, ఎక్కడికో, వేరే దేశాల దాకా.

"ఇందులో మా అక్క పొగ ఉందా?"

"ఉంది పిన్నీ. తప్పకుండా ఉంది. ఏదో విడదియ్యలేను. చాలా వెతికాను."

"తెల్లది పెట్టింది కదా. ఎండని వెనక్కి కొట్టి ఉంటుందా?"

"కొట్టి ఉంటుంది. ఈ పొగ నీడలో నేల, సముద్రం ఎంత చల్లబడ్డాయో లెక్క కడుతున్నాం. ఆ లెక్కలో ఆమె పొగ కూడా ఉంటుంది." తల దించుకుంది. "పొద్దుతిరుగుడు మబ్బని పారేసిన రోజుని వెనక్కి తెప్పించాను. మబ్బు కొట్టేసి పొగ అని రాయించాను. అంతే చెయ్యగలిగాను."

"మంచిదేనమ్మా," అన్నాను.

మా ఊరెక్కడ అని అడిగితే చూపించింది. బాగా చూద్దామని నా వేలు అక్కడ ఆనించాను. వేలి కింద ఊరూ కొండా మొత్తం మాయమైపోయాయి. వేలు తీశాను. పొగే ఉంది.

ఫెలిస్మీన, డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇప్పుడుండేది పట్నంలో, సంత వెనక వీధిలో, కింది వాటా గదిలో. రొట్టె కొట్లో కొనుక్కుంటున్నాను.